ఢిల్లీ డీజిల్ కారు మన దగ్గర రిజిస్టర్ అవుతుందా? అడ్వాన్స్ ఇచ్చే ముందు పొగ రీడింగ్ చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఢిల్లీలో ఉండే మీ బావగారి స్నేహితుడు 2016లో కొన్న డీజిల్ కారు అమ్ముతున్నారు. పదేళ్లు నిండుతున్నాయి కాబట్టి తక్కువకే ఇచ్చేస్తానంటున్నారు. మీరుండేది కరీంనగర్. అక్కడి నుంచి తెచ్చి మన నంబరు వేయించుకోవాలంటే ఇక్కడి పొల్యూషన్ రూల్స్ ఒప్పుకుంటాయా, టెస్టులో ఫెయిలైతే పెట్టిన డబ్బు పోతుందా అన్నది మీ టెన్షన్. పదేళ్లు దాటిన డీజిల్‌ను దేశంలో ఎక్కడా రిజిస్టర్ చేయరని మీకు ఒకరు చెప్పారు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఏజెంటే తెచ్చిస్తాడు, దాని గురించి ఆలోచించొద్దని ఇంకొకరు చెప్పారు. మొదటి మాట తప్పు. రెండోది తప్పే కాదు, మిమ్మల్ని నష్టపరిచే సలహా.

నేను డీజిల్ పంపులు, ఇంజెక్టర్ల పనితో మొదలుపెట్టి, చాలా ఏళ్లుగా వర్క్‌షాపుతో పాటు పొల్యూషన్ టెస్టింగ్ సెంటర్ నడుపుతున్నాను. బయటి రాష్ట్రాల నుంచి బండి కొని, డబ్బంతా కట్టేశాక మా దగ్గరికి వచ్చి 'ఎలాగైనా పాస్ చేయండి' అని అడిగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అదే పరీక్ష కొనే ముందు చేయించి ఉంటే బండి సంగతి సగం తెలిసిపోయేది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పదేళ్ల గొడవ. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో, చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు. ఇది ఆ ప్రాంతపు గాలి కోసం పెట్టిన హద్దు. మన రాష్ట్రాల్లో సొంత కార్లకు అలాంటి హద్దు లేదు. మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపించి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. అంటే ఈ కారు ఇక్కడికి వస్తే 2031 వరకు రిజిస్ట్రేషన్ పరంగా వయసు సమస్య లేదు.

ఢిల్లీలోనూ పరిస్థితి ఇప్పుడు కాస్త మారింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, కేవలం వయసు చూసి ఓనర్ల మీద చర్యలు తీసుకోవద్దంది. అదే ఏడాది డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4 (భారత్ స్టేజ్, అంటే బండ్ల పొగకు కేంద్రం పెట్టిన ప్రమాణాల్లో నాలుగో మెట్టు), ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. అంటే 2016 బీఎస్-4 కారు ఓనరు దాన్ని ఉన్నపళంగా వదిలించుకోవాల్సిన అవసరం మునుపటంత లేదు. కాబట్టి 'పదేళ్లు నిండుతున్నాయి, అందుకే చవక' అనే మాటను అలాగే నమ్మేయకండి. ధర తగ్గడానికి ఇంజిన్ కారణమా అన్నది కూడా చూసుకోవాలి. అది తెలియడానికి పొగ పరీక్షను మించిన చవకైన దారి నాకు తెలియదు.

అయితే ఒక్క జాగ్రత్త. పదేళ్లు నిండాక కూడా ఢిల్లీ రవాణా శాఖ ఇతర రాష్ట్రాలకు ఎన్‌ఓసీ (బండిని అక్కడికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తోంది కానీ, ఏదైనా రాష్ట్రం ఫలానా చోట ఇలాంటి బండ్లు వద్దని చెప్పి ఉంటే ఆ చోటుకు ఇవ్వదు. అందుకని అడ్వాన్స్ ఇవ్వకముందే కరీంనగర్ రవాణా శాఖ ఆఫీసుకు స్వయంగా వెళ్లి, ఆర్‌సీ కాపీ చూపించి అడగండి. అమ్మే ఆయన్ని కూడా పదేళ్ల తేదీ దాటకముందే దరఖాస్తు పెట్టమనండి. తేదీ దాటాక రికార్డులో స్టేటస్ మారితే ఆఫీసుల చుట్టూ తిరుగుడు ఎక్కువవుతుంది.

ఇక అసలు విషయం. ఇక్కడ మీ కారును ఏ హద్దుతో కొలుస్తారన్నది వయసును బట్టి కాదు, బీఎస్ స్టేజిని బట్టి ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 115వ నిబంధన దేశమంతటికీ ఒకటే. కరీంనగర్‌కైనా కర్నూలుకైనా వేరే హద్దు లేదు. డీజిల్ బండికి కొలిచేది పొగ చిక్కదనం. పెట్రోల్ బండికి కొలిచే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల లెక్క దీనికి ఉండదు. పొగలోంచి వెలుతురు పంపి ఎంత ఆగిపోతోందో చూస్తారు. ఆ అంకెను కే వాల్యూ అంటారు. బీఎస్-4 కంటే ముందు బండ్లకు 2.45 వరకు, బీఎస్-4కు 1.62 వరకు, బీఎస్-6కు 0.7 వరకు పాస్. పాత హార్ట్‌రిడ్జ్ లెక్కలో, అంటే ఆగిపోయే వెలుతురును శాతంలో చెప్పే లెక్కలో, మొదటి రెండూ 65, 50. మూడోది దాదాపు 26.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బీఎస్-4 నిబంధన 2010 ఏప్రిల్ నుంచి ఢిల్లీ ఎన్‌సీఆర్, హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లోనే మొదలైంది. దేశమంతటా వచ్చింది 2017 ఏప్రిల్‌లో. మధ్యలో మరికొన్ని ఊళ్లు చేరాయి. అందువల్ల ఒకే మోడలు, ఒకే ఏడాది కార్లు రెండున్నా, ఢిల్లీలో రిజిస్టరైనది బీఎస్-4, ఏదో జిల్లాలో రిజిస్టరైనది బీఎస్-3 అయ్యే అవకాశం ఉంది. మీరు చూస్తున్నది ఢిల్లీ నంబరు కాబట్టి బీఎస్-4 అయి ఉండాలి, 1.62 హద్దే వర్తించాలి. అయినా ఆర్‌సీలో నార్మ్స్ అనే చోట ఏముందో మీ కళ్లతో చూడండి. పీయూసీలోనూ, అంటే పొల్యూషన్ సర్టిఫికెట్‌లోనూ, అదే స్టేజి ఉండాలి. బీఎస్-4 కారుకు 2.45 హద్దుతో పాస్ వేసిన కాగితం ఇస్తే అది పనికిరాదు.

స్టేజి విషయంలో మన ఆఫీసర్లు గట్టిగా చూడటానికి కారణం కూడా ఉంది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్ల అమ్మకం, రిజిస్ట్రేషన్ ఆపేసింది. మిగిలిపోయిన లారీలను స్క్రాప్ కింద కొని, బీఎస్-4 అని కాగితాలు పుట్టించి, నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించి, ఎన్‌ఓసీతో అనంతపురం తెచ్చారన్న ఆరోపణలతో 2020లో పెద్ద కేసే నడిచింది. అలాంటివి బయటపడ్డాక బయటి రాష్ట్రం ఎన్‌ఓసీ వస్తే ఛాసిస్ నంబరు, తయారీ నెల, స్టేజి మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూడటం సహజం. మీ కాగితాలు సరిగ్గా ఉంటే దానికి భయపడక్కర్లేదు.

ఇప్పుడు టెస్టు నిజంగా ఎలా చేయాలో చెబుతాను. ఎందుకంటే చాలాచోట్ల బండి ముందు నంబరు ప్లేటు ఫొటో తీసి కాగితం చేతిలో పెట్టేస్తున్నారు. మీకు కావాల్సింది ఆ కాగితం కాదు, రీడింగ్.

ఇంజిన్ బాగా వేడెక్కి ఉండాలి. ఆయిల్ వేడి కనీసం 60 డిగ్రీలు. దాన్ని కొలవడానికి డిప్‌స్టిక్ పెట్టే చోట సెన్సర్ దించుతారు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, సైలెన్సర్ గొట్టంలో ప్రోబ్ పెడతారు. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా, చివరిదాకా తొక్కి, ఇంజిన్ దాని పై హద్దు వేగానికి చేరాక వదిలేస్తారు. మొదట రెండు మూడు సార్లు పైపులో పేరుకున్న మసి పోవడానికి తొక్కి, తర్వాత వరసగా రీడింగులు తీసుకుని, అవి ఒకదానికొకటి దగ్గరగా వచ్చాక సగటు వేస్తారు. మెల్లగా తొక్కితే రీడింగ్ తక్కువ వస్తుంది. సగం తొక్కి పాస్ చేయించే పద్ధతి ఉందని మీకు తెలిసి ఉండాలి. అందుకే పక్కన నిలబడి చూడండి, లేదా బావగారిని నిలబడమనండి.

తొక్కే ముందు టైమింగ్ బెల్టు సంగతి అడగండి. కొన్ని డీజిల్ ఇంజిన్లకు చెయిన్ ఉంటుంది, కొన్నింటికి బెల్టు. మార్చాల్సిన గడువు దాటిన బెల్టు మీద ఇంజిన్‌ను పై హద్దుకు రేపితే తెగే ప్రమాదం ఉంది. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. బెల్టు ఎప్పుడు మార్చారో సర్వీసు బిల్లు చూపించలేకపోతే, టెస్టుకు ముందే అది మీ ధర లెక్కలోకి రావాలి.

రీడింగ్ వచ్చాక దాన్ని ఎలా చదవాలి? పాసా ఫెయిలా అన్నంతలో ఆగిపోకండి. 1.62 హద్దు ఉన్న బండికి 0.5 వచ్చినా పాసే, 1.5 వచ్చినా పాసే. కానీ ఈ రెండూ ఒక్కటి కావు. బాగున్న బీఎస్-4 కామన్ రైల్ ఇంజిన్ హద్దుకు చాలా కిందే ఉండాలి. 1.5 దగ్గర ఉందంటే అది ఇంకో ఏడాదికి దాటేస్తుందనే అనుకోండి. మొదటి రీడింగ్ ఎక్కువగా వచ్చి తర్వాతవి వరసగా తగ్గితే చాలావరకు సిటీ ట్రాఫిక్‌లో పేరుకున్న మసి. అన్నీ ఒకేలా ఎక్కువగా ఉంటే గాలి తక్కువవుతోంది లేదా డీజిల్ ఎక్కువవుతోంది. ఎయిర్ ఫిల్టర్ అయితే సులువు. టర్బో నుంచి వచ్చే హోసు పగిలినా చిన్న ఖర్చే. ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కుంటే శుభ్రం చేయించాలి. ఇంజెక్టర్లు, టర్బో అయితే మాత్రం చవకగా కొన్న సంతోషం అక్కడే పోతుంది. పొగ రంగు కూడా చూడండి. నల్లపొగ పైన చెప్పిన సంగతి. నీలం రంగు అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, కూలెంట్ తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి.

రీడింగ్ మరీ బాగుందనీ మోసపోకండి. ఈ పరీక్ష పొగను మాత్రమే చూస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను చూడదు. ఈజీఆర్ దారిని రేకుతో మూసేస్తే పొగ తగ్గుతుంది, టెస్టు హాయిగా పాసవుతుంది, కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మెకానిక్‌తో ఈజీఆర్ పైపు దగ్గర బిగింపు చూపించండి. కంటికి కనిపించని సన్నని మసి రేణువులనూ ఈ పరీక్ష సరిగ్గా పట్టుకోదు. జర్మనీలో 2023 జులై నుంచి కొత్త తరం డీజిళ్లకు ఆ రేణువులను లెక్కపెట్టే పరీక్ష పెట్టారు. మన దగ్గర ఇంకా రాలేదు. రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. రోజంతా ఆ పొగ పక్కనే పనిచేసేవాళ్లం మేము. స్కూలు గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలబడ్డ బండ్ల పక్కన పిల్లలు ఉంటారు. ఏజెంటు తెచ్చే కాగితం వద్దని నేను అనేది చట్టం కోసం మాత్రమే కాదు.

టెస్టు ఎక్కడ చేయించాలి? రెండు చోట్లా. కొనే నిర్ణయానికి ముందు ఢిల్లీలో, రోజూ తిరిగే పద్ధతిలో ఉన్నప్పుడు, ఇంజిన్ వేడి చేసి ఒకసారి. నాగపూర్, ఆదిలాబాద్ మీదుగా 44వ నంబరు హైవే మీద నడిపి తెచ్చాక ఇక్కడ ఇంకోసారి. అంత దూరం మంచి వేగంతో వచ్చిన ఇంజిన్‌లో మసి చాలావరకు కాలిపోయి ఉంటుంది కాబట్టి ఇక్కడి రీడింగ్ సాధారణంగా తక్కువ వస్తుంది. రిజిస్ట్రేషన్‌కు అది మీకు అనుకూలమే. కొనాలా వద్దా అన్నదానికి మాత్రం ఢిల్లీ రీడింగే నమ్మండి.

చట్టం ప్రకారం ఢిల్లీలో ఇచ్చిన పీయూసీ, గడువున్నంతవరకు దేశమంతా చెల్లుతుంది. మళ్లీ ఇక్కడ తీసుకోవాలనే నియమం లేదు. కానీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసే రోజు కొత్త కాగితం చేతిలో ఉంటే ప్రశ్నలు తగ్గుతాయి. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు పీయూసీ గడువు 12 నెలలు, అంతకు ముందు వాటికి ఆరు నెలలు. 2021 నుంచి దేశమంతటికీ ఒకే నమూనా, క్యూఆర్ కోడ్‌తో వస్తోంది, ఫోన్ నంబరు ఇవ్వాలి. ఓనర్ మారాక మీ ఫోన్ నంబరే ఇవ్వండి, లేకపోతే గడువు మెసేజ్‌లు పాతాయనకు పోతాయి.

ఫెయిలైతే డబ్బు పోదు. ఫెయిలైన బండికి కారణం, రీడింగ్ రాసిన తిరస్కరణ కాగితం ఇవ్వాలని అదే 2021 నమూనాలో ఉంది. అది పట్టుకుని రిపేరు చేయించి మళ్లీ టెస్టుకు వెళ్లొచ్చు. అప్పటిదాకా రోడ్డు మీద తిప్పితే మాత్రం ఇబ్బందే. 190వ సెక్షన్ కింద జరిమానా రూ.10,000 వరకు, మూడు నెలల వరకు జైలు, లైసెన్సు మీద మూడు నెలల వేటు దాకా ఉంది. పీయూసీ లేకపోతే ఇన్సూరెన్స్ రెన్యువల్ కాదని కొందరు ఇంకా చెబుతుంటారు. 2017లో సుప్రీంకోర్టు పెట్టిన ఆ షరతును థర్డ్ పార్టీ పాలసీల విషయంలో 2024 జులైలో తీసేసింది.

కాగితాల వరస క్లుప్తంగా చెబుతాను, ఇది మీకు ఆఫీసులోనూ చెబుతారు. అమ్మే ఆయన ఢిల్లీలో ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి, అందులో కరీంనగర్ ఆఫీసు పేరే రాయించాలి. పెండింగ్ చలాన్లు కట్టేసి ఉండాలి. లోన్ తీరి ఉంటే బ్యాంకు లెటరు, ఫారం 35. అమ్మకానికి ఫారం 29, 30. ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27. రాష్ట్రం మారిన బండికి కొత్త నంబరు తీసుకోవడానికి చట్టం 12 నెలలు ఇచ్చింది కానీ, పేరు మార్పుకు కొన్న రోజు నుంచి 30 రోజులే. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో అడగాలి. లైఫ్ టాక్స్ మళ్లీ ఇక్కడ కట్టాలి, కారు వయసును బట్టి తగ్గుతుంది. ఆ లెక్క ఆఫీసులో ముందే వేయించుకుని కారు ధరకు కలుపుకోండి, చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ చేయించుకునేవాళ్లకూ ఫారాలు, పొగ హద్దులు ఇవే, టాక్స్ మాత్రమే వేరు.

బీఎస్-6 డీజిల్ సెకండ్ హ్యాండ్ చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. వాటికి మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి చూస్తే దాదాపు శుభ్రంగా ఉండాలి. వేలికి నల్లటి మసి దట్టంగా అంటితే ఫిల్టర్ పగిలింది లేదా తీసేశారు. పికప్ పెరుగుతుందని దాన్ని తీయించేవాళ్లున్నారు. అలా మార్పు చేయించిన ఓనరుకు 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఆ కారు కొంటే కొత్త ఫిల్టర్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. రోజూ ఊళ్లో నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవాళ్లు అసలు డీజిల్ కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ ఫిల్టర్ తనంతట తాను శుభ్రపడాలంటే ఇంజిన్ కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఆర్‌సీలో బీఎస్-4 అని ఉండి, ఢిల్లీలో ఎదురుగా నిలబడి చేయించిన టెస్టులో కే వాల్యూ 1 కంటే తక్కువ వచ్చి, ఈజీఆర్ మూసేసిన జాడ లేకపోతే, కరీంనగర్ ఆఫీసు సరేనన్నాక కొంటాను. 1 దాటితే రిపేరు అంచనా వేయించి అంత ధర తగ్గించమంటాను. 'టెస్టు ఎందుకండీ, పీయూసీ ఉందిగా' అని అమ్మే ఆయన అడ్డుపడితే వదిలేస్తాను.

బావగారిని పంపి టెస్టు చేయించాక నార్మ్స్ ఏమని ఉందో, ఒక్కో రీడింగ్ ఎంత వచ్చిందో, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఇక్కడే రాయండి. సర్టిఫికెట్ ఫొటో పెడితే నంబరు, ఫోన్ నంబరు కనబడకుండా చూసుకోండి. వర్క్‌షాపు మూశాక రాత్రిపూట చూసి జవాబిస్తాను.